హెడ్‌లైటు వెలుగు అందని చోట

(పై చదువులకూ ఉద్యోగాలకూ ఊరు విడిచి వెళ్తున్న పిల్లల కోసం బరంపురం తెలుగువాళ్ళు ఏర్పాటు చేసుకున్న చిన్న సభలో ఒక రిటైర్డ్ లోకో పైలట్ ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో కూర్చున్న పిల్లలకు, వెనక వరసల్లో వాళ్ళకన్నా ఎక్కువ టెన్షన్‌తో కూర్చున్న అమ్మానాన్నలకు.

పోయిన ఆదివారం ఇద్దరు కుర్రాళ్ళు మా ఇంటికొచ్చి, "మాస్టారూ, ఈ ఏడాది మన పిల్లలు చాలామంది బయటికి వెళ్తున్నారు. తెలియని చోటికి వెళ్ళేవాళ్ళకి నమ్మకం గురించి ఓ అరగంట చెప్పాలి" అన్నారు. నేను మాస్టారిని కాదు నాయనా, రైలు డ్రైవర్ని, నమ్మకం గురించి అయితే ఎవరైనా స్వామీజీని పిలుచుకోండి అన్నాను. "అడిగామండీ, ఆయన ఖాళీగా లేరు" అన్నాడు ఒకడు. అంత నిజాయితీగా చెప్పాక కాదనలేకపోయాను. కాబట్టి దేవుడి సంగతి ఖాళీ దొరికినప్పుడు స్వామీజీ చెబుతారు. నేను హెడ్‌లైటు సంగతి చెబుతాను.

1982లో రైల్వేలో అసిస్టెంటుగా చేరాను. 2018లో రిటైరయ్యాను. చేరినప్పుడు మమ్మల్ని డ్రైవర్లనేవారు, దిగేనాటికి లోకో పైలట్లన్నారు. పేరు గౌరవంగానే ఉంది గానీ నిద్ర మాత్రం పెరగలేదు. ఖుర్దా రోడ్డు, బరంపురం, పలాస, విశాఖపట్నం. నా ఉద్యోగంలో సగం రాత్రులు ఈ ఊళ్ళ మధ్య పట్టాల మీదే గడిచాయి.

రాత్రిపూట ఇంజన్లో కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందో మీరు చూసి ఉండరు. హెడ్‌లైటు వెలుగులో కనీసం 240 మీటర్ల దూరం దాకా పట్టాలు కనిపించాలని రూలు. మంచి లైటయితే ఇంకొంచెం. ఇప్పుడు లెక్క వేయండి. బండి గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అంటే సెకనుకు ముప్పై మీటర్లు. ఆ 240 మీటర్లూ ఎనిమిది సెకన్లలో అయిపోతాయి. సరే, ఎదురుగా ఏదో కనిపించింది, ఎమర్జెన్సీ బ్రేకు వేశాననుకోండి. ఇరవై పైచిలుకు పెట్టెల బండి ఆగడానికి దగ్గర దగ్గర కిలోమీటరు పడుతుంది.

నాకు కనిపించేది పావు కిలోమీటరు. నేను ఆగగలిగేది కిలోమీటరుకు. మిగిలిన ముప్పావు కిలోమీటరు చీకటే. నేను దాన్ని చూడలేదు, కానీ అందులోకి వెళ్ళడం మాత్రం ఖాయమైపోయింది. ప్రతి రాత్రీ, ప్రతి క్షణం అంతే. వెనక పెట్టెల్లో వెయ్యిమందికి పైగా నిద్రపోతుంటారు. అచ్చంగా కంటిని నమ్ముకునే నడుపుతానంటే వేగం నలభై, యాభై దాటకూడదు. అలా నడిపితే ఇక్కణ్ణించి విశాఖపట్నం చేరేసరికి టిఫిన్లు కూడా అయిపోతాయి.

ఈ లెక్క నాకు మొదటిసారి చెప్పింది మా సీనియర్ డ్రైవరు. పలాసలో డ్యూటీ దిగిన డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూమ్‌లో భోజనానికి కూర్చున్నాం. ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి నాకు ముద్ద దిగలేదు. "మరి ఎలా నడుపుతున్నారు గురూగారూ?" అన్నాను. ఆయన పప్పన్నంలో అప్పడం నలుపుకుంటూ, "సిగ్నల్ చూసి" అన్నాడు. ఇంకో ముద్ద తిని, "అంతే" అన్నాడు.

ఆ "అంతే" అన్న ముక్కలో ఎంతమంది మనుషులున్నారో తెలియడానికి నాకు పదేళ్ళు పట్టింది.

పచ్చ దీపం కనిపించిందంటే ముందు దారి ఖాళీగా ఉందని ఎవరో మాట ఇచ్చారన్నమాట. ఎవరు? స్టేషన్ మాస్టరు. ఆయన మాట వెనక సిగ్నల్ మెయింటెయినరు. పట్టాల సంగతికొస్తే కీమన్. రోజూ తెల్లారి సుత్తీ స్పానరూ భుజాన వేసుకుని తన బీటు పొడవునా నడుస్తూ, పట్టాలను పట్టి ఉంచే కీ వదులైన చోటల్లా కొట్టి బిగించే మనిషి. మీరు కిటికీలోంచి చూసే ఉంటారు. బండి వస్తుంటే పక్కకు జరిగి, ఓ చేత్తో జెండా పట్టుకుని నిలబడతాడు. మీరు చెయ్యి ఊపితే నవ్వుతాడు.

వానాకాలంలో అయితే రాత్రి ప్యాట్రోల్ కూడా ఉంటుంది. తొంభైల మధ్యలో ఒక అక్టోబరు రాత్రి నేను గూడ్సు బండి తీసుకుని ఇచ్ఛాపురం దాటాను. సోంపేట వైపు వెళ్తున్నాను. వాన ఎలా పడుతోందంటే ముందు అద్దం మీద ఎవరో బిందెలతో పోస్తున్నట్టుంది. ఇంజన్ కింద ఢామ్మని పేలింది. ఇంకో క్షణానికి మళ్ళీ ఢాం. పట్టాల మీద డిటోనేటర్లు, అంటే చక్రం ఎక్కగానే పేలే టపాసుల్లాంటివి, పెట్టారంటే ముందు ప్రమాదం ఉందని అర్థం. బ్రేకు వేశాను. బండి ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ పోయి ఆగింది. ఎదురుగా వానలో ఎర్ర దీపం ఊగుతోంది. దాని వెనక ఒక మనిషి. నెత్తిన గోనెసంచి కప్పుకుని ఉన్నాడు. దిగి వెళ్ళి చూస్తే అతను నిలబడ్డ చోటికి ఇంకాస్త ముందు పట్టాల కింద కంకర లేదు, మట్టి లేదు. రెండు పట్టాలూ గాల్లో వేలాడుతున్నాయి, కింద నీళ్ళు పోతున్నాయి.

నా కాళ్ళు వణుకుతున్నాయి. అతను మాత్రం తీరిగ్గా, "బాబూ, బీడీ ఉందేటి? నావన్నీ తడిసిపోనాయి" అన్నాడు.

నా దగ్గర బీడీ లేదు. సిగరెట్టు ఉంటే ఇచ్చాను. అతని పేరు అడగాలన్న ఆలోచనే రాలేదు నాకు. ఆ తప్పు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తర్వాత రెండు మూడుసార్లు ఆ సెక్షన్లో ఆరా తీశాను, దొరకలేదు. అప్పటిదాకా పచ్చ దీపం చూసి నడపడం అంటే నా ధైర్యం అనుకునేవాణ్ణి. కొంచెం కాలరెగరేసేవాణ్ణి కూడా. ఆ రాత్రి తర్వాత ఆ మాట ఎత్తడానికి సిగ్గేసింది. ధైర్యం సగం అతనిది. నేను కూర్చుని ఉన్నాను, అతను తడుస్తున్నాడు.

కాబట్టి పిల్లలూ, రేపు బెంగుళూరులోనో పుణెలోనో దిగినప్పుడు మీ ముందున్న చీకట్లో ఎవరూ లేరనుకోకండి. ఉంటారు. మీకు కనిపించరంతే.

ఇంకో రూలు చెబుతాను. మా రూళ్ళ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. సిగ్నల్ దగ్గరికొచ్చావు. స్తంభం ఉంది, దీపం మాత్రం వెలగడం లేదు. పచ్చా కాదు, పసుపూ కాదు, ఎరుపూ కాదు. ఏం చేయాలి? బల్బు పోయి ఉంటుందిలే, ఇందాకటిదాకా అన్నీ పచ్చలే కదా అని పోనివ్వకూడదు. వెలగని సిగ్నల్‌ని ఎరుపు కిందే లెక్కపెట్టి ఆగాలి. జవాబు లేకపోతే దాన్ని "వద్దు" అనే తీసుకోవాలి. ఆగి, కనుక్కుని, అనుమతి వస్తేనే కదలాలి. వెనక ప్రయాణికులు తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

దీన్ని ఎక్కడ వాడాలో చెప్పడానికి మా తాత సంగతి చెప్పాలి. కాస్త పొడుగు కథ, ఓపిక పట్టండి.

మా తాత రంగం వెళ్ళాడు. ఈ కాలం పిల్లలకు రంగం అంటే సినిమా రంగమో రాజకీయ రంగమో. మన గంజాం, శ్రీకాకుళం పల్లెల్లో రంగం అంటే రంగూన్. అప్పట్లో మన గోపాలపూర్ రేవు నుంచి బర్మాకు స్టీమర్లు నడిచేవి. ఇప్పుడు మీరు బీచిలో నిలబడి సెల్ఫీలు దిగే చోటే, డెక్కు మీద మూటలతో కూర్చుని వేలమంది వెళ్ళారు. రంగూన్ రేవులో బస్తాలు మోయడానికి, బియ్యం మిల్లుల్లో పనిచేయడానికి, రిక్షాలు లాగడానికి. బర్మా వాళ్ళు మనవాళ్ళను కోరంగీలు అనేవారు. 1930 మే నెలలో ఆ రేవులోనే మన తెలుగు కూలీల మీద పెద్ద దాడులు జరిగాయి. చాలామంది చనిపోయారు. ఆ కబురు ఊళ్ళోకి వచ్చింది. వచ్చిన తర్వాతే మా తాత బయలుదేరాడు. వయసు ఇరవై నిండలేదు.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "తాతా, అంత గొడవ జరిగిన చోటికి ఏ నమ్మకంతో వెళ్ళావు?" దేవుడి పేరో, పొట్టకూటి మాటో చెబుతాడనుకున్నాను. తాత చుట్ట తీసి పక్కన పెట్టి, "మేస్త్రీ అమ్మ మన వీధిలోనే ఉండేదిరా" అన్నాడు.

మేస్త్రీ అంటే కూలీలను పోగేసి, అడ్వాన్సు ఇచ్చి, ఓడ ఎక్కించేవాడు. ఆ పద్ధతిలో మోసాలు బోలెడు. అడ్వాన్సు తీరదు, కూలి డబ్బుల్లో కోతలు, అప్పు మీద అప్పు. తాతకి ఇవన్నీ తెలుసు. మేస్త్రీ మంచివాడని కూడా తాత అనలేదు. వాడి అమ్మ మా వీధిలో ఉంటుంది. వాడు నాకేదైనా చేస్తే, మా అమ్మ వెళ్ళి ఆవిడ గుమ్మం ముందు కూర్చుంటుంది. పండక్కి వాడు ఊళ్ళోకి రావాలి, ఆ గుమ్మంలోనే అన్నం తినాలి. తాత నమ్మింది ఆ గుమ్మాన్ని.

ఇప్పుడు మీ ఫోనుకి ఒక మెసేజ్ వస్తుంది. విదేశంలో డేటా ఎంట్రీ ఉద్యోగం, లక్ష జీతం, వీసా మేమే చూసుకుంటాం. తీరా చూస్తే తీసుకెళ్ళేది కాంబోడియాకో మయన్మార్‌కో. అక్కడ పాస్‌పోర్టు లాక్కుని, ఆన్‌లైన్లో జనాన్ని మోసం చేసే పని చేయిస్తారు. 2025 మార్చిలో మయన్మార్‌లోని అలాంటి చోట్ల నుంచి ఐదు వందల మందికి పైగా మనదేశం వాళ్ళను ప్రభుత్వం విమానాల్లో వెనక్కి తీసుకొచ్చింది. అందులో తెలుగు పిల్లలూ ఉన్నారు. మయన్మార్ అంటే ఏది? మా తాత వెళ్ళిన బర్మాయే. తొంభై ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే దేశానికి, ఈసారి మేస్త్రీ మొహం కూడా చూడకుండా వెళ్ళారు.

కాబట్టి ఎవడైనా నన్ను నమ్ము అంటే, వాడి అమ్మ ఏ వీధిలో ఉంటుందో అడగండి. నవ్వుతున్నారు, నవ్వండి, కానీ అడగండి. ఆఫీసు ఎక్కడ, రిజిస్ట్రేషన్ ఉందా, ఇంతకుముందు వెళ్ళినవాళ్ళు ఎవరు, వాళ్ళతో మాట్లాడనిస్తావా. జవాబు రాలేదా? దీపం వెలగలేదు. ఆగిపోండి.

తాత కథ ఇంకా ఉంది. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. 1942 మార్చిలో ఊరు వాళ్ళ చేతికి పోయింది. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్ళకు, తెల్లవాళ్ళకు. మిగిలిన జనం కొండలూ అడవులూ దాటి నడుచుకుంటూ మన దేశానికి బయలుదేరారు. లక్షల మంది. కలరా, మలేరియా, ఆకలి. దారిలో పోయినవాళ్ళు వేలకు వేలు. అందులో మా తాత తమ్ముడొకడు. తాత ఇంటికి చేరేసరికి ఒంటి మీద ఒక గోచీ, చేతిలో ఒక సత్తు గిన్నె. ఆ గిన్నె మా ఇంట్లో చాలాకాలం ఉండేది. దారిలో ఎవరో ఒడియా మనిషి అందులో తన గంజి సగం పోశాడట. అప్పటికి తాతకి ఒడియా రాదు, అతనికి తెలుగు రాదు. ఎవరి ఊరు ఎవరికీ తెలియదు. మేస్త్రీని నమ్మడానికి అమ్మ ఇల్లు కావలసి వచ్చింది, గంజి తాగడానికి ఏమీ అక్కర్లేకపోయింది. ఈ రెండూ ఎలా కలుస్తాయని నన్నడక్కండి. నాకూ తెలియదు. తాతను అడగాల్సింది.

బరంపురంలో కూర్చుని తెలియని చోటు గురించి మాట్లాడుకోవడం కొంచెం వింతే. మనవాళ్ళలో చాలామంది గడప దాటకుండానే తెలియని చోటికి వెళ్ళారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. మార్చి 31 రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకున్న మా ముత్తాతలు పొద్దున్నే ఇంకో రాష్ట్రంలో లేచారు. అదే ఇల్లు, అదే నుయ్యి, అదే మంచం. బయట ఆఫీసు భాష మారింది, పిల్లాడి బడి ఏమవుతుందో తెలియదు.

పర్లాకిమిడిలో అప్పటికి గిడుగు రామమూర్తి గారున్నారు. పదిహేడేళ్ళప్పుడు, 1880లో, అక్కడ బడిపంతులుగా చేరారు. పక్క కొండల్లోని సవరల భాష ఒక్క ముక్క రాదు, నేర్పే పుస్తకం లేదు, ఆ భాషకు లిపి కూడా లేదు. సవర మాట్లాడేవాళ్ళను పిలిచి ఇంట్లో పెట్టుకుని ఒక్కో మాటా నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం రాశారు, నిఘంటువు రాశారు. అంతటి మనిషి, పర్లాకిమిడి ఒరిస్సాలో కలవడం ఇష్టం లేక, డెబ్భై రెండేళ్ళ వయసులో, యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా ముత్తాతలు వెళ్ళలేదు. ఎవరిది నమ్మకం, ఎవరిది భయం అని మా నాన్న, మా పెదనాన్న పండగలకు కూర్చుని వాదించుకునేవారు. పులిహోర చల్లారిపోయేది గానీ వాదన తేలేది కాదు. నాకైతే ఇద్దరూ అడుగు వేసినట్టే కనిపిస్తుంది. వెళ్ళినాయనకి కొత్త ఊరు, ఉన్నవాళ్ళకి కొత్త రాజ్యం.

మన ఠాకురాణి యాత్ర సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. రెండేళ్ళకోసారి ఊరంతా నెలరోజులు నిద్రపోదు. అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఏ ఇంటికి? దేశీ బెహరా ఇంటికి, అంటే పట్టు నేసే దేరా వాళ్ళ పెద్ద ఇంటికి. ఆ దేరా వాళ్ళ పూర్వులు ఎక్కడివాళ్ళు? గోదావరి వైపు నుంచి, ఇక్కడి రాజు పిలిస్తే మగ్గాలు పట్టుకుని వచ్చినవాళ్ళని చెబుతారు. తెలియని చోటికి వచ్చినవాళ్ళ ఇంటి ఆడపడుచు ఇవాళ ఊరికే దేవత. నేను చిన్నప్పటి నుంచి యాత్ర చూస్తున్నాను గానీ ఇందులో రెండో వైపు చాలా ఆలస్యంగా తట్టింది. వచ్చినవాళ్ళు ఊరిని నమ్మారు, సరే. ఊరు కూడా ముక్కూ మొహం తెలియని నేతగాళ్ళను నమ్మి వీధి ఇచ్చింది కదా. రేపు హాస్టల్లో మీ రూమ్మేట్ కూడా మిమ్మల్ని చూసి భయపడుతూనే ఉంటాడు. ఎవడీ బరంపురంవాడు, ఇంత పచ్చడి వాసనేమిటి అని.

ఇంతసేపూ విని పచ్చ దీపం ఎప్పుడూ నిజమే చెబుతుందనుకోకండి. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

2023 జూన్ 2, సాయంత్రం. మన రాష్ట్రంలోనే, బాలేశ్వర్ జిల్లా బహనాగా బజార్ స్టేషను. కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైనులో నేరుగా వెళ్ళమని పచ్చ సిగ్నల్ వచ్చింది. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళించే పాయింట్లు మాత్రం పక్కనున్న లూప్ లైనుకు తిరిగి ఉన్నాయి. ఆ లూపులో గూడ్సు బండి ఆగి ఉంది. వేగం గంటకు 128 కిలోమీటర్లు. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ వైరింగులో చేసిన మార్పుల్లో జరిగిన పొరపాట్లే కారణమని విచారణలో తేలింది.

నేనప్పటికి రిటైరై ఐదేళ్ళయింది. టీవీ ముందు రాత్రంతా కూర్చున్నాను. నాతో పనిచేసినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. అందరిదీ ఒకటే మాట: "పచ్చ ఇచ్చాక అతను మాత్రం ఏం చేస్తాడు?" ఏమీ చేయడు. చేయడానికి ఏమీ లేదు. నేనైనా అంతే వేగంతో వెళ్ళేవాణ్ణి. ముప్పై ఆరేళ్ళలో ఎన్ని వేల పచ్చలు దాటానో, వాటిలో ఏ ఒక్కటైనా అలాంటిది అయి ఉండొచ్చు.

తప్పు నమ్మినవాడిది కాదు. నమ్మించాల్సినవాడు పని సగంలో వదిలేశాడు. మీలో సగంమంది ఇంజనీర్లు అవుతారు. నర్సులు, బ్యాంకు ఆఫీసర్లు అవుతారు. రేపు ఏదో ఒక రాత్రి ఎవరికో మీరు పచ్చ దీపం అవుతారు. వాళ్ళు మిమ్మల్ని చూడరు, మీ పేరు తెలియదు. ఒక తీగ ఎక్కడ కలిపారో రెండోసారి సరిచూడ్డానికి మీకు బద్ధకం వేస్తుంది. టీ టైం అవుతుంది. బహనాగా గుర్తు చేసుకోండి.

మరి ఒకసారి విరిగిన నమ్మకం మళ్ళీ అతుకుతుందా అంటే, మన జిల్లాలోనే అతికింది. 1999 అక్టోబరు మీ అమ్మానాన్నలకు గుర్తుంటుంది. 17న మన గోపాలపూర్ దగ్గర ఒక తుఫాను. పన్నెండు రోజులకు, 29న, పారదీప్ వైపు సూపర్ సైక్లోను. రాష్ట్రంలో దాదాపు పదివేల మంది పోయారు. ఆ రోజుల్లో తుఫాను హెచ్చరిక అంటే మన తీరం పల్లెల్లో ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్ళు కాదు. రేడియో వాడు ఎప్పుడూ అలాగే అంటాడు అనేవారు. ఇల్లు, వల, పడవ వదిలి ఎక్కడికి పోతాం? పోతే దొంగలు పడరా?

తర్వాత రాష్ట్రంలో విపత్తుల కోసం ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టారు. తీరం పొడవునా షెల్టర్లు కట్టారు. ఊళ్ళలో కుర్రాళ్ళకు శిక్షణ ఇచ్చారు. పద్నాలుగేళ్ళు గడిచాయి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ మళ్ళీ మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైన. అంతకుముందే దాదాపు పదిలక్షల మందిని ఖాళీ చేయించారు. ఆర్జిపల్లిలో మనకి తెలిసిన చేపల వేటగాళ్ళున్నారు, మన తెలుగువాళ్ళే. వాళ్ళలో ఒక పెద్దాయన్ని తర్వాత అడిగాను, ఈసారి ఎందుకు వెళ్ళారు అని. "గాలి ఎప్పుడు మొదలవుద్దో, ఎక్కడ దాటుద్దో ముందే చెప్పేరు బాబూ. పొద్దున్న చెప్పింది సాయంత్రానికి మార్చలేదు. షెల్టర్లో అన్నం కూడా ముందే వండి ఉంచేరు" అన్నాడు. అన్నం మాట మర్చిపోకండి. మరణాలు ఈసారి పదుల దగ్గరే ఆగాయి.

అయినా అన్నిసార్లూ అలాగే జరగదు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు తీరం అంతా సిద్ధంగానే ఉంది. ప్రాణాలు తీసింది మాత్రం గజపతి జిల్లా కొండల్లో. బరఘరా అనే ఊళ్ళో వాన నుంచి తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడింది. సముద్రం వైపు చూస్తున్నాం, ఆపద కొండ మీంచి వచ్చింది.

టైం చూసుకుంటున్నారు. ఇంకొక్క మాట, ఇది అమ్మానాన్నలకు.

ఇంజన్లో ఇద్దరం ఉంటాం. సిగ్నల్లో రెండు పసుపు దీపాలు కనిపించగానే అసిస్టెంటు గట్టిగా చెప్పాలి, "డబుల్ ఎల్లో!" నేను తిరిగి గట్టిగా చెప్పాలి, "డబుల్ ఎల్లో." ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది కదా, మళ్ళీ అరవడం దేనికి అని కొత్తల్లో అనిపించేది. రాత్రి మూడింటప్పుడు తెలుస్తుంది దేనికో. కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి ఉండడు. పక్కవాడి గొంతు వినిపిస్తే తిరిగొస్తాం. ఆ పక్కవాడు ఊరికే బ్రేకు మీద చెయ్యి వేయడు, ఇలా తిప్పు అలా తిప్పు అనడు. కనిపించింది చెబుతాడు, నేను విన్నానో లేదో చూసుకుంటాడు.

రోజుకు పదిసార్లు ఫోను చేసి తిన్నావా, పడుకున్నావా, ఆ పిల్ల ఎవరు అని అడగడం బ్రేకు మీద చెయ్యి వేయడం లాంటిది. ఒకసారి చేయండి. ఇవాళ ఏం చూశావు అని అడగండి. పిల్లలూ, మీరు కూడా "ఏం లేదు, బాగానే ఉంది" అని పెట్టేయకండి. చూసింది చెప్పండి. ఎవడైనా డబ్బు అడిగితే, ఎక్కడికైనా రమ్మంటే, ఒక్కళ్ళకైనా గట్టిగా చెప్పండి. బయటికి చెప్పేటప్పుడు మన చెవికే తేడా తెలిసిపోతుంది.

వచ్చే గురువారం రాత్రి మా మనవరాలు సికింద్రాబాద్ బండి ఎక్కుతోంది. అక్కణ్ణించి విమానంలో జర్మనీ. మా వంశంలో తాత తర్వాత సముద్రం దాటుతున్నది అదే. ఆ పిల్ల ధైర్యంగానే ఉంది. యూనివర్సిటీ కాగితాలు, హాస్టలు అడ్రసు, అక్కడ చదువుతున్న ఇద్దరు తెలుగు పిల్లల నంబర్లు అన్నీ నాకు చూపించింది. మేస్త్రీ అమ్మ కథ దానికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

నా సంగతే బాగోలేదు. పాత అలవాటు. డ్రైవర్లకు డ్యూటీలు వేసే లాబీకి ఒక్క ఫోను చేస్తే ఆ రాత్రి ఆ బండి ఎవరు నడుపుతున్నారో, అసిస్టెంటు ఎవరో చెప్పేస్తారు. నాకు తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు అక్కడ. ఈ వారంలో నాలుగుసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ పెట్టేశాను. ఇంతవరకూ చేయలేదు. మా ఆవిడ మాత్రం సూట్‌కేసులో అప్పడాల కట్టలు ఎన్ని పట్టిద్దామా అని ఇంకా లెక్కలు వేస్తూనే ఉంది.